బాపు కాలితో నడిచిన వార్తలు

వరంగల్ జనానికి నా ముఖం కంటే ముందు నా నడినెత్తి పరిచయం. గొప్పకు చెప్పడం లేదు. ఇరవై ఏళ్ళ కిందట మా ఊరి కేబుల్ చానల్లో సాయంత్రం ఆరు గంటల వార్తలు చదవడం మొదలుపెట్టినప్పుడు, మొదటి నమస్కారానికి ఒకసారి, ఆఖరి నమస్కారానికి ఒకసారి నా ముఖం తెరమీద మెరిసేది. మధ్యలో పావుగంట సేపు బల్లమీది కాగితాల్లోకి తల దూర్చి చదువుకుపోయేవాణ్ణి. కెమెరా మాత్రం ఏం చేస్తుంది? ఎదురుగా ఏముంటే అది చూపించింది. ఎదురుగా ఉన్నది నా నడినెత్తి, దానిమీద రెండు సుడులు.

అవి మామూలు సుడులు కావు. వానాకాలం భద్రకాళి చెరువు మత్తడి దూకేచోట కూడా అంత ఖచ్చితమైన సుడులు పడవు. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళన్నది మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన శాస్త్రం. నాకింకా ఒక్క పెళ్ళీ కాకముందే రెండవుతాయన్న కబురు, నేను చదివిన అన్ని వార్తల కంటే వేగంగా ఊరంతా పాకింది. బజార్లో ముఖం చూసి ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. ఒకసారి కాశిబుగ్గలో చాయ్ హోటల్ ముందు చెప్పు తెగితే వంగాను. వెనకనుంచి ఒక ముసలమ్మ, "ఓ బిడ్డా, నువ్వు టీవీల వార్తలు సదివే పిలగానివి గాదుర?" అని కేకేసింది. సంబరంగా లేచి నిలబడ్డాను. నా ముఖం ఎగాదిగా చూసి, "ఏమో, కాదు కావచ్చు" అనుకుంటూ వెళ్ళిపోయింది.

మా స్టూడియో ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఒక ఎరువుల దుకాణం మీద ఉండేది. స్టూడియో అనడం మర్యాదకు. అది ఒక గది. అందులో ఒక బల్ల, ఒక కెమెరా, దానికి తోడు ఒక కెమెరామన్, గోడకు మేకులు కొట్టి బిగించిన నీలం దుప్పటి. నేను తొడుక్కునే కోటు మా ఓనరు పెళ్ళినాటిది. ఆయనది ఏనుగుపాటి శరీరం. ఆ కోటులో నేను పోగా ఇంకో రిపోర్టరు కాపురం పెట్టేంత జాగా మిగిలేది. వీపువైపు పదకొండు బట్టల క్లిప్పులు పెట్టి నన్ను అందులో బిగించేవాళ్ళు. కోటు కింద లుంగీ. బల్లకు అవతలివాళ్ళకు నేను దొర, ఇవతలివాళ్ళకు ఉతికే రేవునుంచి లేచొచ్చినవాణ్ణి.

మిర్చి సీజన్ వస్తే ఇంకో ముచ్చట. మార్కెట్‌లో బస్తాలు దిగుతుంటే ఆ ఘాటు గాలిలో తేలి, ఎరువుల వాసనతో కలిసి, కిటికీలోంచి నేరుగా నా కళ్ళలోకి వచ్చేది. కొత్త బస్ షెల్టర్ ప్రారంభమైందని చదువుతూ కూడా ధారాపాతంగా ఏడ్చాను. "పాపం, ఎవలకు మంచి జరిగినా తట్టుకోడు, మెత్తటి పానం" అని నా ఎగపీల్పులు విని ఆడవాళ్ళు జాలిపడేవాళ్ళట. ముఖం తెలియకపోయినా నా కన్నీళ్ళకు మాత్రం మంచి పేరే వచ్చింది.

ఇంతకీ నాకా కుర్చీ ఎలా దొరికిందంటే, గొంతువల్ల. మాది నేతపని ఇల్లు. మా బాపు కాశిబుగ్గ నేత సంఘం షెడ్డులో జంపఖానాలు నేసేవాడు. అక్కడి మగ్గాల చప్పుడులో ఆయనను అన్నానికి పిలవాలన్నా అరవాలి. అలా పెరిగిన గొంతుతో ఆటోలో మైకు పట్టుకుని, రేపు నల్లా నీళ్ళు రావు, ఎల్లుండి కంటి వైద్య శిబిరం అని గల్లీగల్లీ తిరిగి చెప్పేవాణ్ణి. ఒకనాడు మైకు చెడిపోయింది. ఆ సంగతి నాకు తెలియలేదు, వినేవాళ్ళకూ తెలియలేదు. అదే గల్లీలో కేబుల్ వైరు గుంజుతున్న మా ఓనరు అది గమనించి, ఆటో ఆపి, "వార్తలు సదువుతవా?" అని అడిగాడు. నేను సరేననేసరికి ఆయన ముందుచూపుతో ఇదీ ఆలోచించి ఉంటాడు: ఈ గొంతుంటే కరెంటు పోయినా చానల్ నడుస్తుంది.

అలా ఆరునెలలు నడిచింది. తరవాత ఫోన్లు మొదలయ్యాయి. "ఆ పిలగానికి మెడ పట్టేసిందా?" అని ఒకరు. "సుడులు సూసీ సూసీ మా పిల్లలు రాత్రి పలవరిస్తాండ్రు" అని ఇంకొకరు. ఓనరు ఒక సాయంత్రం నన్ను మెట్లమీదికి పిలిచాడు. ఆయన పక్కన ఆయన బామ్మర్ది. తెల్లగా, గంధం చెక్కలా ఉన్నాడు. ఒక్క సుడే ఉంది, అదీ కనబడదు.

"సూడు తమ్మీ, సోమారం దాకా టైమిస్తాన. తల్కాయ పైకెత్తి జనం కండ్లల్ల సూసి సదువుతవా, కుర్సి దిగుతవా? మా బామ్మర్ది కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతాండు ఇంట్ల."

"హైదరాబాదోళ్ళకు అక్షరాలు కెమెరా ముందటనే నడుస్తయటనే అన్నా, మెషిన్ ఉంటదట. అది తెస్తే..."

"గా మెషిన్ తెచ్చుడు కంటే ఇంకో మూడు కాలనీలకు వైరు గుంజుకుంట. నీ తల్కాయ నీదే, నువ్వే ఎత్తుకో."

నాకు ఇంకో పని రాదు. ఆటో మైకు పని అప్పటికే నాకంటే గొంతున్న ఇంకొకడికి పోయింది. వార్తలు బట్టీపట్టి చూశాను. ఇంట్లో అమ్మ ముందు కూర్చుని అప్పజెప్తే, కలెక్టరు గారు రెండు రోజుల్లో బంగాళాఖాతంలో బలపడి కోస్తా వైపు కదులుతారని వచ్చింది. "మంచిగనే ఉన్నది గని, ఆయన భార్యాపిల్లలు ఏమనుకుంటరో" అంది అమ్మ.

బాపు అప్పుడు మూలన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. మా బాపు ఏడాదికి మాట్లాడే మాటలు నేను ఒక బులెటిన్లో చదివేస్తాను. చుట్ట పక్కన పెట్టి అడిగాడు.

"నువ్వు కాయితం కాడికి ఎందుకు పోతానవ్?"

"పోకపోతే ఎట్ల సదవాలె బాపు?"

"నేసేటోడు బట్ట ఎంబడి ఉరుకుతడారా? కూసున్నకాడ కూసుంటడు. కాలు తొక్కుతాంటె బట్టే జరిగి పోతాంటది. కాయితమే నీ కాడికి రావాలె."

మరునాడు ఆయన నేత సంఘం షెడ్డుకు పోలేదు. పాత మగ్గం చెక్కలతో కిటికీ చట్రంలాంటిది ఒకటి బిగించాడు. పైన ఒక గుండ్రటి కర్ర, కింద ఒక గుండ్రటి కర్ర, పక్కన తాళ్ళు, కింద కాలితో తొక్కే పలక. న్యూస్‌ప్రింట్ కాగితాలను పడుగు నూలుకు పెట్టే గంజితో ఒకదానికొకటి అంటించి, ఆ పొడవాటి పట్టీని కింది కర్రకు చుట్టాడు. పలక తొక్కితే కాగితం ఒక్కో బెత్తెడు పైకి జరుగుతుంది. దానిమీద నేను మార్కర్‌తో పుచ్చకాయలంత అక్షరాలు రాయాలి. దాన్ని కెమెరా కిందే నిలబెడితే, చదివేవాడు కళ్ళలోకి చూస్తున్నట్టే ఉంటుంది.

సోమవారం ఆ యంత్రాన్ని రిక్షాలో వేసుకుని స్టూడియోకు చేరాం. ఓనరు దాని చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేశాడు. బాపు కెమెరా వెనక చిన్న స్టూలు వేసుకుని, పలకమీద కాలు పెట్టి కూర్చున్నాడు. ఆయన వైపు కాగితం వెనకభాగమే కనబడుతుంది. ఏం రాసి ఉందో తెలియదు. నా గొంతు వింటూ, లైను అయిందనుకున్నప్పుడు తొక్కుతాడు. అంతే లెక్క.

ఆరు గంటలకు మొదటిసారి వరంగల్ నా ముఖాన్ని పావుగంట సేపు చూసింది. సుడుల చరిత్ర అక్కడితో ముగిసిందనుకున్నాను. బులెటిన్ అయీ కాకముందే ఫోన్ మోగింది. "అయ్యో, మొఖం గిట్లుంటదా? తల్కాయే నయముండె గదనే" అంది ఒక ఆడగొంతు. ఓనరు మాత్రం సంతోషపడ్డాడు. బామ్మర్ది ముఖం వాడిపోయింది. నా కుర్చీ నిలిచింది.

ఆ తరవాత తెలిసింది, కుర్చీ నాదే గానీ వార్తలు బాపువని.

ఆయన కాలికి అభిప్రాయాలున్నాయి. మార్కెట్‌లో పత్తి తడిసిందన్న వార్త వస్తే కాలు మెల్లగా, గౌరవంగా కదిలేది. నేను ఒక్కో అక్షరం నమిలి నమిలి చదివేవాణ్ణి. ఎవరైనా పోయారని వస్తే అసలు ఆగిపోయేది. చావు ఇంటికి పోయినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం మా రివాజు కదా, అది టీవీలో కూడా పాటించాలని ఆయన పట్టుదల. నేను కెమెరాకేసి గుడ్లప్పగించి చూస్తూ ఉండేవాణ్ణి. నాయకులెవరైనా రిబ్బన్ కత్తిరించారంటే మాత్రం మా బాపు కాలికి పూనకం. కాగితం గాలిపటంలా లేచేది. ఒక నాయకుడి ఐదు ప్రారంభోత్సవాలు, నాలుగు శంకుస్థాపనలు నేను ఒక్క ఊపిరిలో, మార్కెట్ యార్డులో వేలంపాట పాడినట్టు చదివి పారేశాను. గంజి రుచి మరిగిన ఎలుకలు కూడా ఇందులో ఓ చెయ్యి వేశాయి. ఒకనాడు అవి కాగితం కొరికేస్తే ఒక పెద్దమనిషి ఇచ్చిన పది హామీల్లో ఏడు మాయమయ్యాయట. ఆయన సంబరపడి ఫోన్ చేశాడని మా కెమెరామన్ అనేవాడు. ఫోన్ సంగతి నిజమే కావచ్చు, ఏడు మాత్రం నేను నమ్మను, ఆరు అయి ఉంటుంది.

ఓనరు తల పట్టుకున్నాడు. "ఈ చానల్ నాదా, మీ బాపుదా?"

"కాలు ఆయనదన్నా."

"నేను మజాక్ చేస్తలేను తమ్మీ. నిన్న నాయకుడు ఫోన్ జేసిండు. నా వార్త రైలు లెక్క పోయింది, ఏ ఊరు దాటిందో గూడ తెల్వలే అంటాండు. బేస్తారం ఆయన కమ్యూనిటీ హాలు ఓపెనింగ్ ఉంది. ఆ వార్త మంచిగ, నిమ్మలంగ రావాలె. ఆయన ఇంట్ల కూసోని సూస్తడు. ఆ పొద్దు మీ బాపు కాలు గినుక తప్పిందో, శుక్రారం సంది మా బామ్మర్దే."

ఈ మాట నేను బాపుకు చెప్పాను. ఆయన తల ఊపాడు. తల ఊపడానికీ కాలు ఊపడానికీ సంబంధం ఉంటుందో లేదో అప్పటికి నాకు తెలియదు.

గురువారం వచ్చింది. మిర్చి సీజన్ నడుమ అది. కానీ ఆ ఏడు ఓనరు స్టూడియోకు ఏసీ పెట్టించాడు. కిటికీలకు ప్లైవుడ్ కొట్టి, సందుల్లో స్పాంజి కుక్కాడు. మిర్చి ఘాటే కాదు, చీమ దగ్గు కూడా లోపలికి రాదు. బామ్మర్ది అప్పటికే గడ్డం గీసుకుని, పౌడరు రాసుకుని, తలుపు పక్కన కుర్చీలో నా కోటుకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఐదింటికి ఒక వార్త వచ్చింది. మా వాడకట్టు నేత సంఘం షెడ్డుకు మరునాటినుంచి తాళం. జంపఖానాలు అడిగేవాళ్ళు లేరు. మగ్గాలు విప్పి చెక్క కింద అమ్మేస్తారు.

బాపు ముప్పై ఏళ్ళకు పైగా పొద్దున్నే పోయి కూర్చునే షెడ్డు అది. ఆ పొద్దున కూడా పోయొచ్చాడు. అక్కడ ఎవరూ ఆయనకు చెప్పలేదు. కింద ఎరువుల దుకాణం ముందు ఇద్దరం నిలబడి చాయ్ తాగాం. చెప్పాలనే నోరు తెరిచాను. "చాయ్ల చక్కర ఎక్కువైంది" అని మూశాను. పైకి పోయి ఆ వార్తను పుచ్చకాయలంత అక్షరాలతో రాశాను, గంజి పెట్టి అంటించాను. నాయకుడి హాలుకు ముందు అది. మా బాపుకు ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, ఊరందరితో కలిపి చెబుదామనుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. తక్కినవన్నీ ఎలుకలవి.

ఆరయింది. మొదటి నాలుగు వార్తలు బాపు కాలు గడియారంలా నడిపింది. ఐదోది మొదలుపెట్టాను. "కాశిబుగ్గ నేత సంఘం షెడ్డును రేపటినుండి మూసివేస్తున్నట్టు తెలిసింది. గిరాకీ లేనందున షెడ్డులోని మగ్గాలను..."

కాగితం ఆగింది.

మిగిలిన లైను కింది కర్రకు చుట్టుకుని ఉంది. పైకి రాలేదు. నేను అలవాటుకొద్దీ తల వంచాను. బల్లమీద ఏమీ లేదు, యంత్రం వచ్చాక అక్కడ కాగితాలు పెట్టడం మానేశాం. తల ఎత్తాను. కెమెరా పక్కనుంచి బాపు కాలు కనబడింది. పలకమీదే ఉంది, కదలడం లేదు. తలుపు దగ్గర బామ్మర్ది లేచి నిలబడ్డాడు. ఓనరు రెండు చేతులూ గాలిలో చుట్టలు చుడుతూ, చదువు చదువు అని సైగ చేస్తున్నాడు. అంత గట్టి గొంతున్నవాణ్ణి, నాకు నా గొంతు ఎక్కడుందో దొరకలేదు.

తరవాత ఏదో వచ్చింది. పుస్తకాల తెలుగు కాదు.

"పేపర్ ఆగింది. జర ఆగుండ్రి. ఆ షెడ్డుల ఎడమదిక్కు మూడో మగ్గం మా బాపుది. నేను పుట్టిన పొద్దు మా అమ్మ కబురు పంపితే, ఇంకో బారెడు మిగిలింది, అది అయినంక వస్తనన్నడట. అయినంకనే అచ్చిండట. నేనంటె పావురం లేక, ప్రేమ లేక కాదు. నడుమల లేస్తే గీత పడ్తది, బట్ట పాడైతదని. మీ ఇండ్లల్ల పెండ్లిళ్ళకు పరిచినై, పీనుగు లేసినంక కూసున్నై, అవిట్ల చానా ఆయన నేసినయే. పాతయి ఉంటే పారెయ్యకుండ్రి. బాపు, నీకు పొద్దున్నే చెప్పాల్సి ఉండె. చెప్పలే. గంతే."

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. నా లెక్కలో ఒక వర్షాకాలం గడిచింది. కెమెరామన్ చెప్పిన లెక్క పది సెకన్లు.

కాలు కదిలింది.

కాగితం పైకి వచ్చింది. మగ్గాలు విప్పుతారన్న లైను వచ్చింది, చదివాను. తరవాత నాయకుడి కమ్యూనిటీ హాలు. నేను వేలంపాటకు నోరు సిద్ధం చేసుకున్నాను, ఇప్పుడు కాగితం గాలిపటమవుతుందని. కాలేదు. బాపు ఆ వార్తను ఒక్కో బెత్తెడు, ఒక్కో బెత్తెడు, పెళ్ళి జంపఖానా నేసినంత నిదానంగా నడిపించాడు. ఆ హాలు తలుపులెన్నో, ఫ్యాన్లెన్నో, ఎవరు కొబ్బరికాయ కొట్టారో, అది ఎన్ని ముక్కలయిందో అన్నీ వరంగల్‌కు స్పష్టంగా వినబడ్డాయి. తన మగ్గం పోయిన కబురు విన్న కాలితోనే ఆయన నా కుర్చీ నిలబెట్టాడు.

నమస్కారం పెట్టి కోటు విప్పకముందే ఫోన్ మోగింది. నాయకుడని ఓనరు ఉరికాడు. "మా తాతది గూడ గా షెడ్డుల్నేనే, ఐదో మగ్గం" అని ఎవరో చెప్పి పెట్టేశాడు. వెంటనే ఇంకొకరు. ఇంటిలో ఎర్ర చారల జంపఖానా ఉందని, దాన్ని ఎవరు నేసి ఉంటారని. నాయకుడు కూడా చేశాడు. వార్త మంచిగా వచ్చిందన్నాడట. చివరికి ఒక ముసలమ్మ నాతోనే మాట్లాడాలంది.

"బిడ్డా, ఏడ్సినవ్ గదా?"

"ఏడుసుడేందమ్మా, మిర్చి సీజన్ గదా. ఘాటు."

ఓనరు ప్లైవుడ్ కొట్టిన కిటికీకేసి చూశాడు, ఏసీకేసి చూశాడు. దస్తీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఔ తల్లీ, ఈ యేడు జర ఎక్కువనే ఉన్నది" అని పక్కనుంచి అందించాడు. తరవాత బామ్మర్దివైపు తిరిగి, "నువ్వు ఇంటికి వో, అక్క ఎదురు సూస్తాంటది" అన్నాడు. బాపుతో, "కాకా, రేపు జర జల్ది రా. పేపర్లు ఎక్కువున్నయి అంటించేటియి" అన్నాడు. అంతే. శుక్రవారం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి పోయాం. మా గల్లీ మలుపులో బాపు ఆగి నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"కోటు కింద లుంగీ కట్టుకోని ఊరందరి ముందట గట్ల మాట్లాడ్తరారా?"

"ఊరికి లుంగీ కనవడదు బాపు."

"నాకు కనవడ్డది గదా." కొంతదూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "రేపు షెడ్డుకు పోయి నా మగ్గం బట్టకర్ర అడుక్కొస్త. గా వార్తల చట్రం కర్ర అరిగి తిప్పుతాంటె ఊగుతాంది. అదైతే గట్టిది."

తెచ్చాడు. ముప్పై ఏళ్ళు జంపఖానాలు చుట్టుకున్న ఆ కర్రకు ఆయనే నూనె రాసి, మా యంత్రంలో బిగించాడు. దానిమీద నేను పద్దెనిమిదేళ్ళు వార్తలు చదివాను. ఎంత తుడిచినా దాని సందుల్లోంచి ఎర్ర నూలు దూది రేగి, లైట్ల వేడికి తేలి వచ్చి నా ముక్కులో దూరేది. వానాకాలంలో కూడా తుమ్మేవాణ్ణి, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాణ్ణి. జనానికి అది అలవాటైపోయింది.

ఇప్పుడు మాకూ అద్దం మీద అక్షరాలు నడిచే మెషిన్ వచ్చింది. వేగానికి ఒకటినుంచి పదిదాకా నంబర్లున్నాయి. నేను నాలుగు మీద పెట్టిస్తాను. బాపు ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు. నేను చదువుతున్నంతసేపూ ఆయన కుడికాలు నేలమీద కదులుతూ ఉంటుందని మా ఆవిడ చెబుతుంది. ఆవిడ నా మొదటి భార్యే. రెండో సుడి ఇంకా ఎదురు చూస్తోంది. మొన్న ఎవరో కొత్తపిల్ల మెషిన్‌ను ఆరు మీద పెట్టింది. నేను గుర్రంలా పరుగెత్తి, చెమటలు కక్కి, ఎలాగో నమస్కారం దాకా వచ్చిపడ్డాను. బల్లమీది ఫోన్ మోగింది. ఇంటినుంచి.

"ఎవడ్రా తొక్కేటోడు?" అన్నాడు బాపు. "పోగులు తెగుతానయ్."